గోడవైపు కిటికీ

బ్యాటరీల ఫ్యాక్టరీ వెనక గోడ పక్కన చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నడవక తప్పకపోతే రోడ్డుకు అవతలి అంచున, అవసరం లేకపోయినా దగ్గుకుంటూ, పక్కన మనిషుంటే గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. ఆ గోడకు లోపలివైపు ఒక కుళాయి, దాని కింద ఒక ఉతికే బండ ఉండేవి. రాత్రిళ్లు ఆ బండ దగ్గర ఎవరో బట్టలు ఉతుకుతారని చెప్పుకుంటారు.

ధప్... ధప్... ధప్...

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. పగలైతే అందరూ నవ్వుతారు.

ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో పనివాళ్ల డ్రెస్సులు ఉతకడానికి ఒకావిడను పెట్టారట. సీసం కరిగించే చోట పనిచేసినవాళ్ల బట్టలంటే మాటలా — ఒక్కసారి ముంచితే చాలు, తొట్టి నీళ్లన్నీ బూడిద రంగుకు తిరిగేవి. ఆవిడకు చంటిపిల్ల. ఇంట్లో చూసే దిక్కు లేదు. మాసిన బట్టల మూటనే పరుపు చేసి, పిల్లను దాని మీద పడుకోబెట్టి పని చూసుకునేది. పిల్ల ఆ మూట మీదే బోర్లాపడింది, ఆ మూట మీదే పాకింది, ఆ చొక్కా కొసలే చప్పరించింది. ఏడాది నిండకుండానే పోయింది. ఎందుకు పోయిందని అప్పట్లో ఎవరూ అడగలేదు. తల్లి మాత్రం మర్నాడు కూడా పనిలోకి వచ్చింది... ఉతికిన బట్టల్నే మళ్లీ ఉతికింది... చీకటి పడినా ఆపలేదు. తెల్లారి చూస్తే బండ మీద తల ఆనించి ఉంది. లేపితే లేవలేదు.

ఆ గోడకు ఇవతల ఒక వరస ఇళ్లున్నాయి. ఒకదాన్నొకటి ఆనుకుని రైలుపెట్టెల్లా ఉంటాయి. ప్రతి ఇంటికీ వెనక గదిలో, గోడవైపుకు ఒక కిటికీ. అది తెరవకూడదు. తెరిస్తే ఆవిడ వచ్చి చువ్వలు పట్టుకుని నిలబడుతుందట. నిలబడి, మెల్లగా — "నా బిడ్డ మీ ఇంట్లో ఉందా?" అని అడుగుతుందట. లేదంటే నమ్మదు, ఇల్లంతా వెతుకుతుంది. ఉందంటే... ఎత్తుకుపోతుంది.

దీనికి వరసలోని ఆడవాళ్లు ఒక విరుగుడు కనిపెట్టారు. పొద్దుగూకగానే వెనక గుమ్మానికి తడి దుప్పటి కట్టడం. తడిబట్ట కనిపిస్తే 'ఈ ఇంట్లో ఉతుకుడు అయిపోయింది, నాకు పనిలేదు' అనుకుని ఆవిడ పక్కింటికి పోతుందని. పక్కింటివాళ్లూ కట్టేవాళ్లు. ఆ పక్కవాళ్లూ కట్టేవాళ్లు. అలా వరస చివరిదాకా పోయి, ఎక్కడా పని దొరక్క వెనక్కి వెళ్లిపోయేది పాపం. పొద్దున్నే గడపా, కిటికీ అంచూ తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను దూరంగా పారేసేవాళ్లు. ఆవిడ చెయ్యి తగిలిన బూడిద ఇంట్లో ఉండకూడదని.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. పొగగొట్టం మీద పిచ్చిమొక్కలు మొలిచాయి. ఉతుకుడు కూడా వినబడటం మానేసింది. అయినా కిటికీలు తెరుచుకోలేదు, దుప్పట్లు తడుస్తూనే ఉన్నాయి. భయం పోయినంత తేలిగ్గా అలవాటు పోదు.

ఇన్నేళ్లకు ఆ స్థలాన్ని పార్కు చేస్తామన్నారు. పిల్లలు ఆడుకోవడానికి చోటు, పెద్దవాళ్లు నడవడానికి దారి, కూర్చోవడానికి బెంచీలు. వరసలోవాళ్ల సంతోషం ఇంతా అంతా కాదు. కాకపోతే అక్కడి మట్టి నిండా సీసం. దాన్ని లోతుగా తవ్వి తీసి, దూరంగా పాతిపెట్టి, కొత్త మట్టి నింపితే గాని పిల్లల్ని కాలు పెట్టనివ్వకూడదన్నాడు ఇంజినీరు. పని మొదలైంది. మిషన్ పెట్టి ముందు పగలగొట్టింది ఆ ఉతికే బండనే. కుళాయి గొట్టం పీకి పారేశారు.

బండ పోయింది. కుళాయి పోయింది. వేసవి ముదిరాక ఒక రాత్రి...

ధప్... ధప్...

వరసంతా మంచాల మీద లేచి కూర్చుంది.

మన కథ ట్యాంకర్‌ది. నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు గనక అందరూ అతన్ని ట్యాంకర్ అనే పిలుస్తారు. కన్నతల్లి కూడా కోపం వచ్చినప్పుడే అసలు పేరు తీస్తుంది. పార్కు పనిలో అతని ఉద్యోగం మట్టి తడపడం. మిషన్ తవ్వుతున్నంతసేపూ దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ ఉండాలి. మూతికి మాస్కు, కాళ్లకు బూట్లు. సాయంత్రం ఆ బూట్లూ బట్టలూ అక్కడే వదిలేసి, ఒళ్లు కడుక్కుని ఇంటికి రావాలి. అన్నీ వేలెత్తి చూపించుకోకుండా చేసేవాడు. పార్కు తయారయ్యాక తన కూతురే అందులో మొదట అడుగుపెట్టాలని అతని కోరిక.

ఆ కూతురికి ఇంకా నడక రాలేదు. ఇంట్లో బుజ్జిది అంటారు. వెనక గదిలో కిటికీ మూసి, గుమ్మానికి తడి దుప్పటి కట్టేసరికి ఆ గది ఉడుకుతున్న కుండలా ఉండేది. బుజ్జిదాని వీపంతా చెమటకాయలు. రాత్రంతా ఏడుపు. ట్యాంకర్ భార్య దాన్ని భుజాన వేసుకుని, నిద్ర కళ్లతో ఆ గదిలోనే గోడ నుంచి గోడకు తిరిగేది.

"అత్తయ్యా, ఒక్క పూట ఆ కిటికీ తీద్దామండీ. పిల్ల ఉడికిపోతోంది."

"నోరు ముయ్యవే... వినబడటం లేదా నీకు?"

ధప్... ధప్...

"ఏవండీ, మీరైనా చెప్పండి."

తల్లికీ పెళ్లానికీ మధ్య నిలబడి నెగ్గిన మగాడు ఈ భూమ్మీద లేడు. ట్యాంకర్ కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు. పిల్ల ఎక్కిళ్లు పెడుతోంది. గోడవతల ఉతుకుడు ఆగడం లేదు. చివరికి అతనికే ఒళ్లు మండింది. పగలంతా తను తిరిగే చోటే కదా... చూసొస్తే పోయేదేముంది?

చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు.

గేటు దగ్గర కాపలావాడు కుర్చీలో తల వాల్చి నిద్రపోతున్నాడు. ట్యాంకర్ పక్కసందులోంచి లోపలికి దూరాడు. వెన్నెల లేదు. రోడ్డు మీది దీపం వెలుగు గోడ మీదుగా కొంచెం పడుతోంది, అంతే. పగలు కళ్లు మూసుకుని నడిచే దారి — ఇప్పుడు అడుగడుగునా ఏదో కాలికి తగులుతోంది. సెల్‌ఫోన్ లైటు వేద్దామనుకున్నాడు. వేస్తే ఆవిడకు తను కనిపిస్తాడు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే సిగ్గేసింది. అయినా లైటు మాత్రం వెయ్యలేదు.

ధప్...

దగ్గరగా వినిపించింది. ఆ వెంటనే సర్రుమని ఇంకో చప్పుడు. ఉతికిన బట్టను జాడించినట్టు.

ట్యాంకర్ ఆగిపోయాడు.

బండ ఉండే చోటికి అవతల... తెల్లగా... ఏదో లేచింది. మనిషెత్తు. రెండు చేతులూ తల మీదికి ఎత్తినట్టు లేచి, నడుం దగ్గర వంగి —

ధప్!

"ఎ... ఎవరది?"

గాలి విసిరింది. అది మళ్లీ లేచింది. ఈసారి ఇంకా ఎత్తుకు లేచి, అతని వైపే వంగింది. ట్యాంకర్ వెనక్కి తిరిగి పరిగెత్తబోయి కాలు మెలికపడి మోకాళ్ల మీద కూలాడు. చేతికి ఏదో నునుపుగా తగిలింది... జారుతోంది... పట్టుకున్నాడు.

పట్టా!

తవ్విన మట్టి మీద కప్పిన ప్లాస్టిక్ పట్టా అది. లారీలు వచ్చినప్పుడు వస్తాయి, లేనప్పుడు రావు. అందుకని విషపు మట్టినంతా అక్కడ కుప్పపోసి, పట్టా కప్పి, దాని చుట్టూ బరువుకు పాత టైర్లు పెట్టించాడు ఇంజినీరు. ఇప్పుడు కుప్పకు ఈ పక్కన ఒక్క టైరూ లేదు. అంచు గాలికి లేస్తోంది, మట్టి మీద పడుతోంది. లేస్తోంది, పడుతోంది.

టైర్లు ఏమయ్యాయో అతనికి తెలుసు. పార్కు కమిటీ టీచరమ్మ వాటికి ఎర్రరంగు, పచ్చరంగు వేయించి పిల్లల ఉయ్యాలలు కట్టిస్తోంది. "ఊరికే పడున్నాయి కదా నాయనా, నాలుగు తెచ్చిపెట్టు" అంటే, మోసుకెళ్లి ఇచ్చింది ట్యాంకరే. తర్వాత ఇంకో నాలుగు. తర్వాత మరికొన్ని.

"ఓసి నీ దుంపతెగ!" అని ఆ చీకట్లో ఒక్కడే పగలబడి నవ్వాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే మరి. పట్టా ఇంకోసారి లేచి, మెత్తటి దుమ్ము మొహాన కొట్టింది. అరచేత్తో తుడుచుకున్నాడు. రెండు ఇటుకలు అంచు మీద పడేసి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

వచ్చీ రాగానే చేతులైనా కడుక్కోకుండా బుజ్జిదాన్ని ఎత్తుకున్నాడు. తల్లి వద్దు వద్దంటుంటే గడియ లాగి, గోడవైపు కిటికీ రెండు రెక్కలూ బార్లా తీశాడు. గాలి... ఎన్నాళ్లకో ఆ గదిలోకి గాలి వచ్చింది. పిల్ల తండ్రి భుజం మీదే నిద్రపోయింది. భార్య మొగుడి మొహంలోకి చూసిన చూపుకు అతనికి వంద పార్కులు కట్టినంత గర్వం కలిగింది.

మర్నాడు వరసంతా ఒకటే నవ్వులు. పట్టా చూసి పక్క తడుపుకున్నామా అని ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకున్నారు. ఒక్కో ఇంటి కిటికీ తెరుచుకుంది. దుప్పట్లు తడపడం మానేశారు. ట్యాంకర్ ఇంట్లో ముసలావిడ మాత్రం మనవరాలి మంచం కిటికీకి దూరంగా లాగేది, కోడలు మళ్లీ దగ్గరికి జరిపేది. చివరింటి టైలరు అసలు తెరవనే లేదు. "పట్టా అయితే పట్టా... మా ఇంట్లో తెరవం" అన్నాడు. పిరికిపంద అన్నారు అతన్ని. ట్యాంకరే ముందు అన్నాడు.

రాత్రిళ్లు చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఇటుకలు ఎన్నాళ్లాగుతాయి? ఇప్పుడు ఆ చప్పుడు వింటూనే అందరూ హాయిగా నిద్రపోయేవాళ్లు.

మట్టి తవ్వితేనే దుమ్మని ట్యాంకర్ లెక్క. తవ్వేటప్పుడు తడపడం అతని పని. రాత్రి తవ్వకం ఉండదు, కాబట్టి దుమ్మూ ఉండదు. అంతకుమించి అతను ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

వేసవి చివర్లో బుజ్జిది లేచి నిలబడింది. కిటికీ చువ్వలు పట్టుకుని, మెల్లగా కాళ్లు ఆనించి, వెనక్కి తిరిగి అందరి వైపు చూసి నవ్వింది. ఇంట్లో పండగే. పళ్లొస్తున్నాయేమో, ఆ చువ్వకు చిగుళ్లు ఆనించి కొరికేది. కిటికీ అంచును నాకేది. "దీనికి కిటికీ అంటే ఎంత ఇష్టమో!" అని మురిసిపోయారు.

ఆ తర్వాత కొన్నాళ్లకే పిల్ల తీరు మారింది. తిండి ముట్టదు. కడుపు పట్టుకుని ముడుచుకుపోతుంది. మొహం పాలిపోయింది. నిలబడ్డ పిల్ల నిలబడటం మానేసి, పడుకుని గోడను చూస్తూ ఉండేది. పిలిస్తే తిరిగేది కాదు.

"వచ్చిందిరా... నువ్వు కిటికీ తీశావు, అది వచ్చింది" అని ముసలావిడ గొణిగేది.

"అమ్మా, ఇంక ఆపుతావా!"

ఒక మధ్యాహ్నం నర్సమ్మ వచ్చింది. పార్కు పని మొదలుకాకముందు వరసలో పిల్లలందరికీ వేలి చివర పొడిచి రక్తం చూసింది ఈవిడే. అప్పుడు ఎవరికీ భయపడాల్సిందేమీ లేదంది. ఇప్పుడు మళ్లీ చూడటానికి వచ్చింది. ఆ రోజుకు ఈ చివర బుజ్జిదానికీ, ఆ చివర టైలరు కొడుక్కీ మాత్రమే చూసింది. మిగతావాళ్లకు మర్నాడంది.

టైలరు కొడుకు మునుపటిలాగే ఉన్నాడు.

బుజ్జిదాని దగ్గర నర్సమ్మ చేతిలోని చిన్న మిషన్‌ను చూసింది. మళ్లీ పొడిచింది. మళ్లీ చూసింది. లేచి, గోడవైపు కిటికీ దగ్గరికి వెళ్లి, అంచు మీద వేలు పెట్టి లాగింది.

వేలు బూడిద రంగుకు తిరిగింది.

"ఎన్నాళ్లుగా తెరుస్తున్నారు ఇది?"

ముసలావిడ కొడుకు వైపు చూసింది.

"అవతల మట్టి కప్పలేదా? ఈ దుమ్ములో సీసం ఉందమ్మా. పిల్ల రక్తంలోకి బాగా ఎక్కింది. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకురండి. ఈ గదిలో దీన్ని ఇంక ఒక్క పూట కూడా ఉంచకండి." గుమ్మం వైపు చూసి, "ఇదివరకు ఇక్కడ తడిబట్టలు కట్టేవాళ్లు కదా... అది ఎందుకు మానేశారు?" అంది.

"తగ్గుతుందా అమ్మా?" అన్నాడు ట్యాంకర్.

"ఇంకా పెరగకుండా చూద్దాం."

అడిగిందానికి అది జవాబు కాదని అతనికి తెలిసింది. భార్యకు అంతకన్నా ముందే తెలిసినట్టుంది. ముందుగదిలో పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తడిగుడ్డతో పిల్ల చేతులు తుడిచింది. వేలు వేలూ తుడిచింది. గుడ్డ పిండి మళ్లీ మొదలుపెట్టింది. ముసలావిడ ఒక్క మాట కూడా అనలేదు. దుప్పటి తడిపి గుమ్మానికి కట్టి, ఒక మూలన కూర్చుంది. నలుగురి ముందూ చెంప పగలగొట్టినా ట్యాంకర్‌కు అంత నొప్పి ఉండేది కాదు.

చీకటి పడుతుండగా గాలి మొదలైంది.

వాన ముందు వచ్చే గాలి. కొట్టాల రేకులు లేపేసే గాలి. ట్యాంకర్ ఇంజినీరుకు ఫోన్ చేశాడు. "పొద్దున్నే మనుషుల్ని పంపిస్తాను" అన్నాడాయన. ట్యాంకర్ ఫోన్ జేబులో పడేసి పరుగెత్తాడు.

పట్టా చిరిగిపోయి, జెండాలా ఎగురుతోంది. కుప్ప మీదినుంచి దుమ్ము ఒక పొరలా లేచి, గోడ దాటి, ఇళ్లవైపు పోతోంది. పట్టా అంచు దొరికించుకుని లాగాడు, చేతిలోంచి ఊడిపోయింది. నీళ్ల బండి తెచ్చి పైపు తిప్పాడు. కుప్పకు ముందువైపు తడిసిందో లేదో, నీళ్లు అయిపోయాయి. మళ్లీ నింపుకుందామంటే కరెంటు లేదు, మోటారు తిరగదు. వెనకవైపు కుప్పంతా పొడిగా ఉంది... గాలి దాన్ని గుప్పిళ్లతో ఎత్తి విసురుతోంది.

గోడ మీదినుంచి చూశాడు. చీకట్లో, తన ఇంటిదీ టైలరుదీ తప్ప, వరస కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. కరెంటు పోయింది, ఉక్క. చల్లగాలి వచ్చిందని పిల్లల మంచాలు కిటికీల దగ్గరికి లాక్కుని ఉంటారు.

మొదటి తలుపు తట్టాడు.

"వదినా, కిటికీ వేసెయ్యండి. అవతల్నుంచి దుమ్ము వస్తోంది. సీసం. మా పిల్ల..."

"ఈ ఉక్కలోనా? ఒక్క రాత్రి దుమ్ముకు ఏమవుతుందయ్యా. రేపు నర్సమ్మ చూస్తానందిగా, తేడా ఉంటే అప్పుడే చెప్తుంది. భయపడొద్దని తిరిగి తిరిగి చెప్పింది నువ్వే కదా?" లోపల్నుంచి ఎవరో నవ్వారు.

రెండో తలుపు దగ్గరా అదే మాట. "వేస్తాలే తమ్ముడూ, పిల్లలు నిద్రపోనీ."

ట్యాంకర్ వీధిలో నిలబడిపోయాడు. గాలికి కళ్లు మండుతున్నాయి. నాలుక మీద తియ్యగా ఏదో గరగర. ఇన్నాళ్లూ తను నిజం చెప్పి తెరిపించిన కిటికీలు అవి. నిజం చెబితే మూయడం లేదు.

మూడో తలుపు తట్టాడు. తలుపు తీసిన మనిషి అతని మొహం చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. జుట్టు, కనుబొమలు, చొక్కా... ఒళ్లంతా బూడిద.

"చూశానన్నా" అన్నాడు ట్యాంకర్, గొంతు తగ్గించి.

"ఏ... ఏంటిరా?"

"అది పట్టా కాదు. ఆవిడే. ఇటే వస్తోంది."

లోపల్నుంచి ఆడమనిషి గొంతు వణికింది. "ఏమైనా అడిగిందా?"

"అడిగింది."

కిటికీ రెక్కలు దబ్బుమని మూసుకున్నాయి. బిందెలో బట్ట ముంచుతున్న చప్పుడు వినిపించింది. ట్యాంకర్ అప్పటికే పక్కింటి తలుపు కొడుతున్నాడు. ఆ మాటే చెప్పాడు. ఆ పక్కింట్లోనూ చెప్పాడు. నవ్విన మొదటి రెండిళ్లకూ తిరిగి వెళ్లి చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏడుస్తున్న పిల్లల్ని తల్లులు ముందుగదుల్లోకి ఎత్తుకుపోయారు. వరస పొడుగునా గడియలు పడ్డాయి.

చివరికి టైలరు ఇల్లు. ఆ కిటికీ మూసే ఉంది. అయినా తలుపు దగ్గర ఆగాడు. తలుపుకు ఆనుకుని నిలబడ్డాడు.

తలుపు సందులోంచి టైలరు గుసగుసగా అడిగాడు — "నిజంగా చూశావా తమ్ముడూ?"

"చూశాను."

"ఎలా ఉంది?"

ట్యాంకర్ వెనక్కి తిరిగి చూశాడు. వరసలో ఆ చివర, తన ఇంట్లో మాత్రం చిన్న దీపం వెలుగుతోంది.

"మా ఆవిడలా ఉందన్నా" అన్నాడు. "పిల్ల చేతులు తుడుస్తోంది."